వంటింట్లో వేసిన విస్తరి

బాలలక్ష్మికి విస్తరి ఎక్కడ వేయాలన్న దగ్గర దశరథం ఆగిపోయాడు. పెద్దపల్లి దిక్కు నుంచి గెలిచిన ఎమ్మెల్యే ఆమె. తానూ ఎమ్మెల్యేనే. కానీ అరుగు మీద బంతిలో ఊరి పెద్దలున్నారు. ఆడమనిషి పక్కన కూర్చుని వాళ్లు ముద్ద ముట్టరు.

"వంటింట్ల వెయ్యి," అన్నాడు భార్యతో. "మర్యాద తక్కువ కానియ్యకు. ఆమెతోని పనుంది."

ఆ పనేదో ఐలవ్వకు తెలుసు. నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీస్తున్నారు. కొత్త గీతతో ఈ ఊరు, వాగు ఒడ్డునున్న మరికొన్ని ఊళ్లు బాలలక్ష్మి వైపు పోతున్నాయి. అవి పోతే దశరథం మళ్లీ గెలవడు. అందుకే, మేము అటు పోమని ఊళ్లవాళ్లే అన్నట్టు దరఖాస్తు రాయించాడు. ఆ ఊళ్లు నాకూ వద్దని బాలలక్ష్మి కూడా ఒక్క మాటంటే కమిషన్ వాళ్లు వింటారని ఆశ.

ఐలవ్వ విస్తరి తుడిచి పొయ్యికి దగ్గరగా వేసింది. పొగ బాలలక్ష్మి కళ్లలోకీ పోనీ అనుకుంది.

ఆమె మీద ఈ మంట ఇవాళ పుట్టింది కాదు. బడ్జెట్ సమావేశాల నుంచి వచ్చిన రోజు దశరథం అన్నం తింటూ ఒకటే పొగడ్త. ఖజానాలో పైసలు లేవు, వాగు మీద వంతెన సంగతి వచ్చే ఏడు చూద్దామని మంత్రి అంటే, బాలలక్ష్మి లేచి "వచ్చే ఏటిదాక మా ఆడోళ్లు కాన్పులు ఆపుకోవాల్నా?" అని అడిగిందట. సభ బల్లలు చరిచిందట. "ఏం మాటన్నది, ఏం మాటన్నది" అంటూ చెయ్యి కడగడం మరిచాడు. ఐలవ్వ చేతిలో గరిటె ఆగింది. ఆ మాట తనది. వాగు పొంగి బండి ఇవతలే నిలిచిపోయి, పొద్దంతా నొప్పులు పడి బిడ్డను పోగొట్టుకున్న ఏడు, ఇదే పీట మీద కూర్చున్న ఇదే మనిషితో అన్నది. "సర్కారు సంగతులు నీకేమెరుక? చారు పొయ్యి" అన్నాడు. "మొగోడు తినేటప్పుడు ఏడుపేంది?" అంది అత్త శంకరవ్వ. ఒకే మాట. ఇక్కడ చారు, అక్కడ చప్పట్లు. అతని కళ్లు బాలలక్ష్మి మీద పడితే ఐలవ్వ ఓర్చుకునేది. చెవులు పడ్డాయి.

బాలలక్ష్మి పీట మీద కూర్చుని పొగకు కళ్లు తుడుచుకుంది. వంకాయకూర కలుపుతూ, "బయట మొగోళ్లకు నా పక్కన అన్నం దిగదా, చెల్లె?" అంది.

"దిగదట. నీ మాటసాయం మాత్రం కావాల్నట."

ఆమె నవ్వింది. ఐలవ్వ నవ్వలేదు.

"కాన్పుల ముచ్చట సభల అన్నవట గదక్కా. నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తరు? మా వదిన గట్లనే పోయింది."

"నేను సుత ఆ మాటన్న. గీడనే."

"ఎవలతోని?"

ఐలవ్వ గరిటెతో అరుగు వైపు చూపింది.

బాలలక్ష్మి ముద్ద విస్తరిలో పెట్టేసింది. "సభల ఆయన నా ముంగటి కుర్చీలనే కూసుంటడు. వంతెన మాట ఎన్నడు ఎత్తలే."

"మా ఊరు నీ దిక్కొస్తే కట్టిస్తవా?"

"గెలిస్తే అడుగుత. పైసలిస్తరని మాత్రం మాటియ్యలేను."

"అడుగుతవు. మళ్ల నీకే బల్లలు చరుస్తరు."

"చరుస్తరు," అంది బాలలక్ష్మి, దాచకుండా.

ఐలవ్వ కడుపు రగిలింది. ఆమె నిజం చెప్పినందుకు ఇంకా రగిలింది. అయినా అన్నం మారు వడ్డించింది.

గడపలో దశరథం. ఒక చేతిలో దరఖాస్తు, ఇంకో చేతిలో సిరా అద్దిన గుడ్డ.

"అక్కా, ఊరోళ్లందరు నిశానీ పెట్టిండ్రు. వాళ్లకు గీ దిక్కే మంచిగున్నదట. మీరు సుత జర ఒక్క మాట..." అని, భార్య వైపు తిరిగాడు. "నీదొక్కటే మిగిలింది. ఇంటామెది లేకుంటే నలుగురు నవ్వుతరు. ఏలు తే."

ఐలవ్వ కొంగుకు చెయ్యి తుడుచుకుంది. నిదానంగా, వేలు వేలూ. అతను గుడ్డ ముందుకు చాపి నిలబడ్డాడు. ఆమె ఆ చేతితో చారు గిన్నె అందుకుంది.

"సర్కారు సంగతులు నాకేమెరుక?" అంది. "చారు పొయ్యాలె."

బాలలక్ష్మి మీది కుళ్లు అలాగే ఉంది. ఆ కుళ్లుతోనే ఆమె విస్తరిలో చారు పోసింది. ఖాళీగా ఉన్న చేతి బొటనవేలిని పిడికిలి లోపలికి ముడిచింది.