తడిపి తీసిన ఫొటో

నేను ఒక అత్తగారి ముఖాన్ని. నన్ను కన్నది కోడలు.

రాజమండ్రిలో ఒక మేడమీది గదిలో, పెళ్లయి మూడు నెలలైన వారిజ నన్ను మట్టితో చేసింది. బొమ్మలు చేయడం, వాటిని ఫొటోలు తీయడం, రెండూ ఆమె పనే. ఆమె భర్త కామేశ్‌కు పదేళ్లప్పుడు తల్లి పోయింది. మరుసటి ఏడు నది మధ్య లంకలోని వాళ్ల ఇంట్లోకి గోదావరి వచ్చి, ఉన్న ఫొటోలన్నీ పట్టుకుపోయింది. ఆ ముఖం ఇక అతని తలపుల్లో తప్ప ఎక్కడా లేదు.

అందుకని అతను కళ్లు మూసుకుని నన్ను తడిమేవాడు. వేళ్లు ఆగినచోట వారిజ మట్టి తీసేది, లేదా అద్దేది.

"ముక్కు ఇంత పొడుగు కాదు. ఇది నీది."

"అయితే అత్తయ్యగారికంటే నేనే అందగత్తెనన్నమాట! రాసి సంతకం పెట్టండి, ఆయ్!"

ఇరవై రెండో రోజున అతను కళ్లు తెరిచి "అమ్మ" అన్నాడు.

నన్ను నీడన ఆరబెట్టారు. వారిజ రోజూ చెంప నాకు ఆనించి చూసేది. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టు. పదిహేనో ఉదయానికి ఆ చల్లదనం పోయింది. కాల్చడానికి బట్టీలో పెట్టబోతూ ఒక్క ఫొటో తీద్దామనుకుంది. ఆరిన మట్టి పాలిపోయి ఉంటుంది. కెమెరాలోంచి చూసి పెదవి విరిచి, ఇస్త్రీ బట్టల మీద చల్లే నీళ్ల సీసా తెచ్చి నా మీద చల్లింది. చెంపలకు ప్రాణం వచ్చింది. ఆరినప్పుడల్లా మళ్లీ చల్లుతూ నలభై ఫొటోలు తీసింది. మనుషులింతే, ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి ఊరుకోలేరు. ఆ సంబరంలో మళ్లీ చెంప ఆనించి చూడడం మరిచిపోయింది.

బట్టీ వేడికి నేను తాగిన నీళ్లు ఆవిరయ్యాయి. ఆ ఆవిరికి బయటికి దారి దొరకలేదు. పగిలిపోయాను.

బట్టీ తలుపు తెరిచి ఆమె కూలబడింది. "నేనే పోగొట్టానండీ, నేనే..."

"ఊరుకో. ఫొటోలున్నాయిగా, మళ్లీ చేద్దాం."

మర్నాడు కొత్త మట్టిముద్ద ముందు కామేశ్ కళ్లు మూసుకున్నాడు. వేళ్లు కదల్లేదు.

"ఏమైందండీ?"

"అమ్మ రావట్లేదు వారిజా. నువ్వు తీసిన ఫొటోయే వస్తోంది. వెలుతురు కూడా నువ్వు పెట్టినట్టే పడుతోంది."

వారిజ నలభై ఫొటోలూ చెరిపేసింది. అతని కళ్లలోంచి ఎలా చెరుపుతుంది? పిచ్చిదానిలా పెంకులు కెలికి కెలికి నన్ను పట్టుకుంది. నేనంటే ఇప్పుడు ఎడమ చెవినే. ఆమె పెట్టిన వెలుతురు నా వైపు పడలేదు, అందుకే ఏ ఫొటోలోనూ నేను లేను. నన్ను అతని అరచేతిలో పెట్టింది.

అతను కళ్లు మూసుకుని నా తమ్మె తడిమాడు. "ఇక్కడ... సాగి ఉండేది. బరువు దుద్దులు..."

రెండో చెయ్యి మట్టి మీదికి వెళ్లింది. చెవి దగ్గర మొదలై దవడ దాకా వచ్చి ఆగింది. అక్కడ అద్దడానికి వారిజ చిటికెడు మట్టి తీసుకుంది.

అతని వేళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి.