వల కట్టేదాకా

నేను ఒక ఒంటిచక్రం సైకిల్ని. హ్యాండిల్ లేదు, చైను లేదు, బ్రేకు అసలే లేదు. విజయనగరంలో ఒక వెల్డరు నన్ను సర్కస్ కోసం తయారు చేశాడు. నా చక్రం మనిషి నడుము దాకా వస్తుంది, కాబట్టి నేను దూరాలు పోవడానికి పనికొస్తాను. మనుషులకేమో నన్ను ఒక్కచోట నిలబెట్టాలని సరదా.

సరదా అనడం తప్పు. పైడితల్లికి అది బతుకుతెరువు. ఇరవై ఏళ్లు ఉయ్యాలల మీద ఎగిరిన మనిషి, భుజం జారాక పైకి ఎక్కలేకపోయింది. ఉయ్యాలల ఆటకు ముందు కింద వల కడతారు. ఆ పది నిమిషాలూ రింగు ఖాళీగా ఉండకూడదని సర్కస్ కట్టుబాటు.

"వల కట్టేదాకా పెద్దచక్రం మీద ఒక్కచోట నిలబడగలిగితే ఉండు. లేదంటే ఇంటికెళ్లిపో" అన్నాడు మేనేజరు సత్తిబాబు. డేరా తప్ప ఆమెకు ఇల్లెక్కడిది?

రెండు నెలలు నాతో కుస్తీ పట్టింది. నా మీద నిలబడటమంటే అరచుట్టు ముందుకు, అరచుట్టు వెనక్కు ఊగుతూనే ఉండటం. కింది కాలు బరువు మోయాలి, పై కాలు ఊరికే వెంట రావాలి. ఆమె రెండు కాళ్లతోనూ తొక్కేది, నేను విసిరికొట్టేదాన్ని. పెడళ్లు తగిలి ఆమె కాళ్లు కమిలిపోయాయి. ఒక ఉదయం పై కాలిని దాని మానాన వదిలేసింది. అంతే, ఇద్దరం హాయిగా ఊగాం. ఆమె ఏడ్చింది. నాకూ గర్వంగానే అనిపించింది.

బొబ్బిలిలో మొదటి ఆట. పది నిమిషాలూ ఒక్క తడబాటు లేకుండా నిలబడింది. జనం పల్లీలు ఒలుచుకున్నారు.

"ఏటలా ఊగతంది? ఏదైనా సెయ్యమనండి!" అని ఒకడు అరిచాడు.

మర్నాడు బఫూన్ అప్పన్నను నా మీద ఎక్కించారు. వాడికి నన్ను తొక్కడమే రాదు. నాలుగుసార్లు పడ్డాడు. డేరా చప్పట్లతో అదిరిపోయింది.

"పడకండా నిలబడమన్నారు, నిలబడ్డాను గదేటి బాబూ?" అని అడిగింది పైడితల్లి.

"నిలబడ్డావు. కష్టం మాత్రం కనపడలేదు" అన్నాడు సత్తిబాబు.

ఆమె కొంగుతో నా సీటు తుడిచి, పెట్టె పట్టుకుని బస్టాండుకు నడిచింది.

అప్పన్న పడీపడీ నా రిమ్మును వంకర చేశాడు. ఇప్పుడు పాతసామాన్ల కొట్టులో గోడకు ఆనుకుని ఉన్నాను, కదలకుండా. ఇందుకు నాకు ఏ నేర్పూ అవసరం రాలేదు.