రెండో గుప్పెడు

“గంప మట్టికి గుప్పెడు సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చాలన్నానా, లేదా?”

“అన్నావులే. పొద్దుటి నుంచీ అదే పాట,” అన్నాడు థుయెన్.

హోవాయ్ ఊరుకోలేదు. క్వాంగ్ చీ కొండల కింద వాళ్లది తుమ్మజాతి అకేసియా నారును మట్టి సంచుల్లో పెంచి అమ్మే ఇల్లు. వానలకు ముందే నారు ఎదగాలని, మొగుడు తన మడిలో చెప్పకుండా రెండో గుప్పెడు కలిపాడు. ఆమె మడి పచ్చగా మోకాలెత్తు లేచింది. అతని మడిలో చిగుళ్లు పసుపెక్కాయి.

“పులుసులో చేపల సాసూ ఇలాగే ఒంపుతావు.”

“ప్రేమ ఎక్కువైతే అంతే మరి.”

“నీ ప్రేమకి మొక్కలు చస్తున్నాయి, మహానుభావా!”

ఆమె ఒక్కో మడి నుంచి ఒక్కో మొక్క తీసి, వేళ్లు కడిగి చూపించింది. తన మొక్క వేళ్లకు, గాలిలోని నత్రజని పట్టి బలమిచ్చే గులాబీరంగు బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. అతని మొక్కకు ఒకటీ అరా. థుయెన్ దాన్ని అందుకుని, హోవాయ్ కలిపిన మట్టిలో జాగ్రత్తగా నాటాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, తన తల్లీ, తమ కూతురూ వింటుండగా మెల్లగా అన్నాడు: “రేపు నా మడి సంచులన్నీ మారుద్దాం. ఇకనుంచి మట్టి కలిపేది హోవాయే.”

“మరి పులుసో?” అంది తల్లి.

అతను సాసు సీసాను భార్య వైపు జరిపాడు.

“అదీ తనే.”