జ్వరం కాదు

ప్రిన్సిపాల్ గదిలో దర్జీ కూతురు ఒక్కతే నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. వరండాలో పిల్లలంతా వింటున్నారు.

"ప్రతినెలా జ్వరమేనా? జ్వరం నీకేమైనా చుట్టమా, నెలనెలా వచ్చి పోవడానికి? హాజరు చాలదు. పరీక్షకి కూర్చోనివ్వను."

ఎవరో కిసుక్కున నవ్వారు.

అది జ్వరం కాదు. నెలసరి వస్తే ఆమె పొత్తికడుపును తడిబట్టలా మెలిపెట్టి పిండినట్టుండేది. వాంతులయ్యేవి, కళ్లు తిరిగేవి. కాలేజీలో ఆడపిల్లల మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి కావాలంటే ఆఫీసులో మగవాళ్ల ముందు అడగాలి. అందుకే హాస్టల్ గదిలో ముడుచుకుని పడుకునేది. క్లాసులకు వెళ్లేవాళ్ల చెప్పుల చప్పుడు మెట్ల మీద ఆగిపోయాక, లోకంలో ఈ నొప్పి తనొక్కదానికే ఉందనిపించేది. ఫోన్ చేస్తే అమ్మ, "ఆడపుట్టుక పుట్టాక ఓర్చుకోవాలి తల్లీ" అనేది, కుట్టుమిషన్ ఆపకుండానే.

ఆ సాయంత్రం హాస్టల్ భోజనాల గదిలో ఆమె కంచం ముందు ఊరికే కూర్చుంది. ఎదుటి బల్ల నుంచి వసపిట్ట అడిగింది. నోరు మూత పడదని ఆ పిల్లకు ఆ పేరు.

"నిజం చెప్పి ఏడవొచ్చుగా?"

"నువ్వు చెప్పావా?"

వసపిట్ట కంచంలో మెతుకులు కెలికింది. "నేనూ జ్వరమనే చెప్పా" అంది.

"నేను తలనొప్పి," అంది పక్కపిల్ల.

"నేనైతే మా తాతని రెండుసార్లు చంపాను."

అందరూ పకపకా నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

ఆఖరి సంవత్సరం అక్క చేయి కడుక్కుంటూ అంది: "మనం దాచినకొద్దీ వాళ్లకి హాయి. ఏ పిల్లకీ ఏ ఇబ్బందీ లేదంటారు. ఈ పిల్లని వదిలి మనం పరీక్ష రాయొద్దు."

"మగపిల్లల ముందు ఈ మాటా? ఛీ, సిగ్గులేదూ!" అంది ఒక పిల్ల.

"నీ సిగ్గు దీన్ని పాస్ చేయిస్తుందా?"

"మా నాన్న చదువు మానిపిస్తాడక్కా. నావల్ల కాదు."

ఏదీ తేలకుండానే లేచిపోయారు.

పరీక్షనాడు దర్జీ కూతుర్ని హాలు గుమ్మంలోనే ఆపేశారు. తక్కినవాళ్లు పక్కనుంచి తప్పుకుని లోపలికి వెళ్లారు. వసపిట్ట కూడా తలెత్తలేదు. దర్జీ కూతురు మెట్ల మీద కూర్చుంది. గంట మోగింది. ఆవరణంతా ఖాళీ.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. అక్క బయటికొచ్చింది. ఆ వెనక వసపిట్ట. తర్వాత ఇంకొందరు. వచ్చి మెట్ల మీద కూర్చున్నారు, ఒకరికొకరు ఎడంగా, ఇంకా బెరుకుగానే.

ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు. "లోపలికి నడవండి! మీకూ ఏడాది పోతుంది!"

దర్జీ కూతురు లేచింది.

"నాకు జ్వరమెప్పుడూ రాలేదు సార్. నెలసరి నొప్పి. మరుగుదొడ్డి తాళం తీసెయ్యండి. నన్ను పరీక్ష రాయనివ్వండి."

"నోర్ముయ్! అబ్బాయిలు వింటున్నారు!"

"విననివ్వండి సార్," అంది వసపిట్ట.

"ఒక్కొక్కళ్ల నాన్నలకీ ఇప్పుడే ఫోన్ చేస్తున్నా!"

ఆ మాటకు అందరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. అయినా ఎవరూ లేవలేదు.

లోపల మరో కుర్చీ కిర్రుమంది.