మన ఊరి ఓడరేవు

చేతి తొడుగులు అడిగినందుకు ముగ్గురి చేతుల్లోంచి చీపుర్లు లాగేసుకుని, గేటు బయటికి నెట్టారు. మున్సిపల్ ఆఫీసు కిటికీలోంచి టైపిస్టు అంతా చూసింది. ఆ ముగ్గురిలో ఒకామె స్వయానా ఆమె అన్న భార్య. చూసి ఏం చేసిందంటే, కిటికీ మూసింది. తాత్కాలిక ఉద్యోగం, గట్టిగా తుమ్మినా ఊడేది.

మధ్యాహ్నం కమిషనర్ ఆమె బల్ల మీద కాగితాల కట్ట పడేశాడు.

"ఉన్నదున్నట్టు కొట్టు. సొంత తెలివి వద్దు."

రాజధానిలో సుపరిపాలన అధ్యయన సంస్థ అని ఒకటుంది. పాత క్రమశిక్షణ తిరిగి రావాలనీ, ప్రభుత్వం చిక్కి సగమవాలనీ దాని తపన. ఊడ్చే పని కాంట్రాక్టరుకివ్వాలి, నలభై ఐదేళ్ళు దాటినవాళ్ళని ఇంటికి పంపాలి, ఐదుగురికి మించి గుమిగూడితే పనిలోంచి తీసెయ్యాలి అని రాసి పంపింది. కొడుతూ కొడుతూ ఆమె వేళ్ళు ఆగాయి. 'మన ఓడరేవు వీధులను మూడేళ్ళు పరిశీలించిన మీదట...'

ఈ ఊరినుంచి సముద్రం ఒక పగలంతా రైలు ప్రయాణం. అయినా టైపిస్టు ధర్మం తప్పకుండా ఓడరేవునీ కొట్టింది.

కట్ట అడుగున పొరపాటున మరో రెండు ప్రతులు వచ్చాయి. రాష్ట్రానికొకటి, కేంద్రానికొకటి. వాటిలోనూ అదే ఓడరేవు. మున్సిపాలిటీకి 'రాష్ట్రం కోరుతోంది' అని రాశారు. రాష్ట్రానికి 'మున్సిపాలిటీలు కోరుతున్నాయి' అని. కేంద్రానికైతే ఇద్దరూ కాళ్ళావేళ్ళా పడుతున్నారట. ఊడ్చేవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు.

సాయంత్రం వెళ్ళి వదినకి అంతా చెప్పింది.

"నా పేరు బయటికి రాకూడదు వదినా."

"రాదులే. పొద్దున కిటికీ మూసినప్పుడే చూశాగా నీ ధైర్యం!"

మర్నాడు ఆ కాగితాల మీద ప్రజాభిప్రాయ సభ. అరవైమంది ఊడ్చే ఆడవాళ్ళు వెనక వరసల్లో కూర్చున్నారు. సంస్థ పెద్దమనిషి చదువుతుంటే వదిన లేచింది.

"అయ్యా, ఆ ఓడరేవు ఎటుందో చెబితే రేపట్నించి అదీ ఊడుస్తాం!"

హాలంతా నవ్వు. పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, "అది టైపు తప్పు" అన్నాడు.

పక్కనే కాగితాల కట్టతో కూర్చున్న టైపిస్టు చెవి దగ్గరికి కమిషనర్ వంగాడు. "తప్పు నీదేనని ఒప్పుకో. ఉద్యోగం ఉంటుంది."

హాలంతా టైపిస్టుకేసి తిరిగింది. వదిన నేలకేసి చూసింది. ఇచ్చిన మాట ప్రకారం నోరు విప్పలేదు. టైపిస్టు లేచింది.

"నే... నేను ఉన్నదే కొట్టానండీ. ఇదిగో అసలు కాగితం. ఇవి పైవాళ్ళకి రాసినవి. మూడింట్లోనూ అదే ఓడరేవు."

వదిన వాటిని అందుకుని ఎలుగెత్తి చదివింది. చదవడం పూర్తయ్యేసరికి వెనక వరసలన్నీ ముందుకొచ్చేశాయి.

"దొంగతనం! ఆఫీసు రహస్యాలు!" కమిషనర్ కేకలకి పోలీసులొచ్చారు. టైపిస్టు జబ్బ పట్టుకున్నారు. అరవైమందీ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.

"లేవండి! ఐదుగురికి మించి కూర్చోకూడదు!"

"ఆ రూలింకా పాసవలేదు నాయనా!"

లాఠీలు లేచాయి. వదిన నుదురు పగిలింది. ఒకర్ని లాగితే ఇద్దరు ఆ చోట్లో కూర్చున్నారు. చివరికి పక్క తలుపులోంచి టైపిస్టుని జీపెక్కించారు. సభ చూడ్డానికి పక్క ఊరినుంచి వచ్చిన ఊడ్చే మనిషి ఒకతె పరుగెత్తుకొచ్చి జీపు ఊచలు పట్టుకుంది.

"అమ్మా, ఎల్లుండి మా ఊళ్ళోనూ ఇదే సభ! ఆ కాగితం మాక్కావాలి!"

టైపిస్టుకి పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

"ఎన్ని కాపీలు?" అంది.