నీటివైపు, కొండవైపు

కంటి డాక్టర్ చిర్వా పిల్ల ఆరోగ్య పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది. ఆమె ముఖం విప్పారింది.

"నాలుగేళ్లప్పుడు పరీక్ష చేశారే! రెండు కళ్లూ బాగున్నాయని రాసుంది. అయితే ఎడమ కంట్లో ఈ పొర తర్వాత వచ్చిందన్నమాట. చూడ్డం నేర్చిన కన్నే కదమ్మా, ఆపరేషన్ చేస్తే చూపు తిరిగొచ్చే అవకాశముంది."

తొమ్మిదేళ్ల తెమ్వా తల్లి చేయి పట్టుకుని ఊపింది. "విన్నావా అమ్మా!"

న్యాగోండ్వే విన్నది. విని గోడకు ఆనుకుంది. పుస్తకంలో ఉన్నది అబద్ధం. రాసినవాడు నిజాయితీగానే రాశాడు, అబద్ధం మాత్రం ఆమెది.

ఐదేళ్ల కిందట, సరస్సు ఒడ్డున వాళ్ల ఊరి చిన్నపిల్లల బడికి ఆరోగ్య కార్యకర్త వచ్చాడు. మూడు కాళ్ల గుర్తులున్న అట్ట ఒకటి గోడకు తగిలించి, రేపే పరీక్ష అన్నాడు. పిల్లలు ఒక్కో కన్ను మూసుకుని, గుర్తు కాళ్లు ఎటున్నాయో చెప్పాలి, కుడి ఎడమలు తెలియని వయసు కనుక ఊరికి అటూ ఇటూ ఉన్నవాటి పేర్లతో: నీటివైపా, కొండవైపా, పైకా, కిందకా. కనబడని పిల్లల్ని ఎక్కడో దూరాన గుడ్డివాళ్ల బడికి పట్టుకుపోతారని రేవులో ఆడవాళ్లు అనుకున్నారు. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు, నమ్మడం మాత్రం అందరూ నమ్మారు. తెమ్వా ఎడమ కంట్లో ఏదో తెల్లగా మెరవడం న్యాగోండ్వే అప్పటికే చూసింది. ఒక్కగానొక్క బిడ్డ. బడి ఊడ్చే పని ఆమెదే కనుక, ఆ సాయంత్రం చీపురు చేతిలో ఉండగానే అట్ట మీది వరసలన్నీ కంఠతా పట్టింది. ఇంటికొచ్చి మొక్కజొన్న దంచుతూ, రోకటి పోటుకొక మాట చొప్పున పిల్లకు నూరిపోసింది. మర్నాడు పిల్ల ఒక్కటీ తప్పలేదు. తల్లి చంకలు గుద్దుకుంది. ఆ సంబరం గుర్తొచ్చి ఇప్పుడామెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. కానీ కట్టు విప్పిన రోజు ఈ పిల్ల ముఖం ఎలా చూడాలి?

"డాక్టరమ్మా, అది నిజం కాదు. నేనే బట్టీ పట్టించి పంపా. చంటిపిల్లప్పుడే ఆ కన్ను మెరిసేది."

డాక్టర్ పుస్తకంలోంచి తలెత్తింది. "ఎందుకు చేశావమ్మా ఆ పని?"

"గుడ్డిబడికి పట్టుకుపోతారన్నారు."

"ఎవరూ పట్టుకుపోయేవాళ్లు కాదు. నా దగ్గరికి పంపేవాళ్లు." ఆమె పుస్తకం మూసేసింది. "అప్పుడే వచ్చుంటే ఆశ ఉండేది. ఇన్నేళ్లూ సరిగా చూడక ఆ కన్ను చూడ్డమే నేర్చుకోలేదు. ఇప్పుడు పొర తీస్తే తెలుపు పోతుంది గానీ, చూపు రాదు. రెండో కన్ను జాగ్రత్తగా కాపాడుకుందాం."

బయట బెంచీ మీద కూలబడి, నడుముకు కట్టిన గుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని న్యాగోండ్వే ఏడ్చింది. గుండెలు బాదుకునే హక్కు కూడా తనకు లేదనిపించింది. తెమ్వా పక్కన కూర్చుని తల్లి వీపు నిమిరింది.

"అమ్మా, ఆ రోజు నేను ఒక్కటైనా తప్పు చెప్పుంటే బాగుండేదా?"

"నీ తప్పేం లేదే తల్లీ" అంటూ న్యాగోండ్వే పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఆ రోజు నిజానికి రెండో వరస మర్చిపోయానమ్మా" అంది తెమ్వా, తనే ఏదో దొంగతనం చేసినట్టు. "నీకు బాధేస్తుందని గట్టిగా ఆలోచించి, గుర్తు తెచ్చుకుని చెప్పేశా."