గోళ్ళరంగు గీత

మందుల షాపాయన ఆ రోజు పొద్దున్నే వర్క్‌షాపుకు వచ్చి కొలతలక్కను క్షమించేశాడు.

ఎందుకు క్షమించాడో ఆవిడకు తెలియదు. లేత్ మిషన్ ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడింది. ఆయన పెద్దమనసంతా మొహానికి పులుముకుని, "పోనీలేమ్మా, మనుషులన్నాక పొరపాట్లు జరుగుతుంటాయి. నేనేం మనసులో పెట్టుకోలేదు" అన్నాడు.

"ఏ పొరపాటు సార్?"

"అదేనమ్మా, మా కారు ఇంజన్ బిగించేటప్పుడు రాడ్ బోల్టొకటి వదులుగా ఉండిపోయిందట కదా. మీ తమ్ముడు చెప్పాడు. మా కార్ల క్లబ్బులో అందరికీ నేనే చెప్పాను. ఆ అమ్మాయినేమీ అనకండి, పాపం, అని."

ఆ 'పాపం' అన్న మాటకు కొలతలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. చేయని తప్పుకు క్షమించేసి నవ్వుతూ నిలబడ్డవాణ్ణి ఏం చేయాలి?

"అన్నట్టు, ఆ నీలం కారు మాస్టారున్నాడే, తన ఇంజన్ వేరేచోట బిగించుకుంటానంటున్నాడు. తొందరపడొద్దని చెప్పాన్లే" అని కూడా అన్నాడాయన.

మాస్టారి ఇంజన్ ఆవిడ బల్ల మీదే ఉంది, ముక్క ముక్కగా, ప్రతి ముక్కా కొలిచి, వరుసగా పేర్చి. ఈ షాపులో ఇంజన్ విప్పాలన్నా బిగించాలన్నా పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ చేతులే. ఏ కొలతైనా మూడుసార్లు తీయనిదే నమ్మదు కాబట్టే ఆ పేరు పడింది. ఆ పేరే లేకపోతే ఆవిడ చేతికి ఇంజన్ ఎవరిస్తారు?

తమ్ముడి పని వేరు. పక్కనున్న గాజు గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కారులోని కంప్యూటర్‌కు వైరు తగిలించి, ఇంజన్‌కు ఎంత గాలి, ఎంత పెట్రోలు వెళ్ళాలో మార్చేస్తుంటాడు. ఇంజన్ లోపల చెయ్యి పెట్టిన పాపాన పోలేదు.

మందుల షాపాయన కారు కంపెనీ నుంచి వచ్చినప్పుడు నూట పది హార్స్‌పవర్‌ది. రెండు నెలల కింద ఆయనకు దానికి టర్బో పెట్టించాలని బుద్ధి పుట్టింది. టర్బో గాలిని ఇంజన్‌లోకి బలవంతంగా కూరుతుంది. గాలి పెరిగితే మంట పెరుగుతుంది, పిస్టన్ మీద దెబ్బ పెరుగుతుంది, ఆ దెబ్బంతా పిస్టన్ కింద ఉండే రాడ్ మోయాలి. కంపెనీ వాళ్ళు ఆ రాడ్‌ను నూట పదికి చేసి, కాస్త మిగులు బలం ఉంచుతారు. ఆ మిగులు ఎంతో కొలతలక్కకు తెలుసు. ఇంజన్ విప్పి, బేరింగులు మార్చి, తిరిగి బిగించాక, "కంపెనీ రాడ్లతో నూట ఎనభై దాటొద్దు. ఇంకా కావాలంటే లోపలి రాడ్లు, పిస్టన్లు మార్చాల్సిందే" అని తమ్ముడికి చెప్పింది. చెప్పి ఊరుకోకుండా 'నూట ఎనభై' అని టేపు ముక్క మీద రాసి ఇంజన్ మూతకు అతికించింది.

ఆ కారు మూడు రోజుల కింద వంతెన ఎక్కుతూ పేలింది. రాడ్ విరిగి, ఇంజన్ గోడకు కన్నం పెట్టుకుని బయటికొచ్చింది. అప్పటినుంచీ షాపు మూల టార్పాలిన్ కింద పడుంది. కారు యజమాని వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు తమ్ముడు. ఎందుకన్నాడో ఆవిడకు ఇప్పుడు అర్థమైంది.

నేరుగా గాజు గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"బోల్టు వదులైందని చెప్పావా?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "ఏదో ఒకటి చెప్పాలి కదక్కా."

"నిజం చెప్పొచ్చుగా. అదీ ఏదో ఒకటేగా." ల్యాప్‌టాప్ మూసేసింది. "ఎంతకు పెంచావు?"

"ఆయనే మళ్ళీ వచ్చి అడిగాడక్కా, ఇంకాస్త ఊపు కావాలని..."

"ఎంతకు?"

"రెండు వందల నలభై."

"టేపు మీద ఏం రాశాను?"

"నువ్వెప్పుడూ జాగ్రత్తకు తగ్గించే రాస్తావుగా. తట్టుకుంటుందనుకున్నా." గొంతు తగ్గించాడు. "నా ట్యూనింగ్‌దే తప్పని తెలిస్తే ఒక్కడు కూడా నా దగ్గరికి రాడు. నీకైతే బోలెడు పేరుంది. ఒక మాట పడినా నీకేం కాదక్కా. నువ్వు తట్టుకుంటావు."

పేరుంది కాబట్టి పోగొట్టుకోవచ్చట! పద్దెనిమిదేళ్ళు కష్టపడి సంపాదించుకున్నది, వీడి అవసరానికి పక్కన పెట్టిన సరుకనుకున్నాడు కాబోలు. కొలతలక్కకు చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ చెయ్యెత్తలేదు.

"లే. వచ్చి కారు తొయ్యి" అంది.

బయటికొచ్చి, వెళ్ళబోతున్న మందుల షాపాయన్ను ఆపింది. "సార్, ఓ గంట కూర్చోండి. కాదు, కూర్చోవద్దు. మీరూ ఓ చెయ్యి వెయ్యండి." క్షమించడానికి వచ్చిన పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాతో కారు తోయాల్సొచ్చింది. లిఫ్ట్ మీదికెక్కించి పైకి లేపింది. మిగిలిన ఆయిలు ట్రేలోకి కార్చేసి, ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే సంప్ ఊడదీసి, టార్చిలైటు ఆయన చేతికిచ్చింది.

"చూడండి. విరిగిన రాడ్ ఇదీ. ఎక్కడ విరిగింది?"

"మధ్యలో."

"కింద ఈ రెండు బోల్టులు కనిపిస్తున్నాయా? వాటి మీద ఏముంది?"

ఆయన కళ్ళు చికిలించాడు. "ఎర్రగా... గీతలాగా ఉందమ్మా."

అది గోళ్ళరంగు. కొలతలక్క తన గోళ్ళకు ఏనాడూ రంగు వేసుకోలేదు గానీ బల్ల మీద ఎర్ర సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 'మా అక్క ఇంజన్లకు ముస్తాబు చేస్తుంది' అని తమ్ముడు వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వేవాడు. ఆ రంగు ఎందుకని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగి ఉంటే, ఇంకేదైనా అబద్ధం చెప్పేవాడు గానీ బోల్టు జోలికి వెళ్ళేవాడు కాదు.

"బోల్టు కొలత ప్రకారం బిగించాక, బోల్టు తల మీదనుంచి రాడ్ మీదికి ఒకటే గీత గీస్తాను సార్. బోల్టు కాస్త తిరిగినా గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. నాలుగు రాడ్లు, ఎనిమిది బోల్టులు. ఎన్ని జరిగాయో మీరే లెక్కపెట్టండి."

ఆయన ఎనిమిదీ చూశాడు. రెండోసారి కూడా చూశాడు. ఒక్కటీ వెంట్రుకవాసి కదల్లేదు.

"మరైతే..." అని తమ్ముడి వైపు తిరిగాడు.

"డాక్టరు ఒక మాత్ర రాస్తే, గిరాకీ అడిగాడని మీరు రెండిస్తారా సార్?" అంది కొలతలక్క. "అడిగింది మీరు. ఇచ్చింది వీడు. మధ్యలో మీరు నన్ను క్షమించారు."

మందుల షాపాయన మొహం కందిపోయింది. "తప్పైపోయిందమ్మా. క్లబ్బు గ్రూపులో ఇప్పుడే..." అంటూ ఫోను తీశాడు.

"మీరు కాదు. వాడు చెప్తాడు. వాడి గొంతుతో."

తమ్ముడు ఫోను అందుకున్నాడు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు. మూడోసారి, ఇంజన్ బిగింపులో ఏ తప్పూ లేదనీ, అక్క నూట ఎనభై దాటొద్దంటే తనే రెండు వందల నలభైకి పెంచాననీ, బోల్టు సంగతి అబద్ధమనీ చెప్పి గ్రూపులో వాయిస్ మెసేజ్ పంపించాడు. నీలం కారు మాస్టారి నుంచి జవాబు రాలేదు. వస్తుందో రాదో ఎవరికి తెలుసు?

మందుల షాపాయన వెళ్ళిపోయాడు. తమ్ముడు అక్కడే నిలబడ్డాడు. "ఇంత బాధపడతావనుకోలేదక్కా. నిజంగానే, నువ్వు తట్టుకుంటావనుకున్నా" అన్నాడు.

కొలతలక్క ఆయిలు ట్రేలో పడ్డ విరిగిన రాడ్ ముక్క తీసి, ఆయిలు తుడిచి, వాడి చేతిలో పెట్టింది.

"దీన్ని కూడా అలాగే అనుకున్నావురా."